మట్టికాయలు
(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి తోటల్లో పెట్టుకునే మట్టి శిల్పాల గురించి నన్ను మాట్లాడమని కార్యవర్గం వారు ఆదేశించారు. శిల్పం అనే మాట వింటే నాకు కొంచెం బెరుకు. శిల్పమంటే మనవాళ్ళకు లేపాక్షి నంది, రామప్ప గుడి గుర్తుకు వస్తాయి. నేను చేసేవి కాయలు. మట్టితో కాయలు, గింజలు, మొగ్గలు చేసి, ఆరబెట్టి, కాల్చి, చెట్ల మొదట్లో పెట్టుకుంటాను. ఇంతకు మించి నాకు విద్య లేదు. ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి 2009లో విరమించుకున్నదాన్ని. నా తెలుగు కూడా లైను ఇళ్ళలో నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగే కాబట్టి మధ్యలో మలాయ్ మాటలు దొర్లితే మన్నించాలి.

మాది దిగువ పేరాక్‌లో ఒక రబ్బరు ఎస్టేటు. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి కంగాణీ వెంట వచ్చారు. 1938లో ఇండియా ప్రభుత్వం కూలీల వలసను ఆపింది. అప్పటికే ఆయన ఇక్కడ చేరి పదేళ్ళయిందని ఇంట్లో చెప్పుకునేవారు. అమ్మా నాన్నా ఇద్దరూ రబ్బరు చెట్లు గీసేవారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసే కాయలకూ ఆ ఎస్టేటుకూ సంబంధం ఉంది. అది తరవాత మనవి చేస్తాను.

ఉద్యోగం మానిన మరుసటి సంవత్సరం బంధువుల పెళ్ళికి కువాలా కాంగ్సార్ వెళ్ళాను. ముహూర్తం సాయంత్రానికి. పగలంతా ఏం చెయ్యాలో తోచక నది అవతల ఉన్న సాయోంగ్ గ్రామానికి వెళ్ళాను. అక్కడ నల్లటి మట్టి కూజాలు చేస్తారు, లబూ సాయోంగ్ అంటారు. మీలో చాలామంది ఇళ్ళల్లో షోకేసులో ఉండే ఉంటుంది, పైన దుమ్ముతో సహా. ఒక ముసలావిడ అరుగు మీద కూర్చుని పచ్చి కూజాను ఒడిలో పెట్టుకుని నున్నటి గులకరాయితో రుద్దుతోంది. బిడ్డకు నలుగు పెట్టినట్టే ఉంది ఆ రుద్దడం. నేను చూస్తున్నది కూజాను కాదు, దాని ఆకారాన్ని. కింద గుండ్రటి బొజ్జ, పైన సన్నని నడుము, మళ్ళీ ఒక చిన్న ఉబ్బు, ఆపైన మెడ. ఆనపకాయ! మా నాయనమ్మ లైను ఇంట్లో దూలానికి వేలాడదీసిన ఎండు ఆనపబుర్ర అచ్చంగా అదే. లబూ అంటే మలాయ్‌లో సొరజాతి కాయ అనే అర్థం. ఇన్నేళ్ళు ఈ దేశంలో పుట్టి పెరిగి, రోజూ ఆ మాట వింటూ, ఈ రెంటినీ ఎన్నడూ కలిపి చూడలేదు.

ముందు కాయే పాత్ర. ఎండిన కాయలో గుజ్జు తీసేసి నీళ్ళు పోసుకున్నారు. తరవాత మట్టి చేతికి వచ్చింది. వచ్చాక కూడా ఆ కాయ ఆకారాన్ని వదలలేదు. వదలకపోవడానికి కారణం అందం ఒక్కటే కాదు. ఆ నడుము దగ్గర చెయ్యి పట్టుకోవడానికి వీలు, మెడ సన్నగా ఉంటే నీళ్ళు తొణకవు, బొజ్జ గుండ్రంగా ఉంటే తక్కువ మట్టితో ఎక్కువ నీళ్ళు పడతాయి, మూల లేదు కాబట్టి పగులు పుట్టే చోటు తక్కువ. చెట్టు ఎప్పుడో తేల్చుకున్న లెక్క అది. నీళ్ళు చల్లబడే సంగతి మీకు తెలిసిందే. మట్టికుండ ఒంటికి కంటికి కనబడని రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి నీరు పైకి చెమర్చి ఆరుతుంటే లోపలి నీటి వేడి లాక్కుపోతుంది. ఇక ఆ నలుపు రంగు పూత కాదు. కాలి ఎర్రగా కణకణలాడుతున్న కూజాను బయటికి తీసి వరి ఊకలో కప్పెడతారు. ఊక మండడానికి గాలి చాలక పొగలు కక్కుతుంది. ఆ పొగలోని మసి మట్టిలోకి దిగుతుంది. ఇప్పుడు చాలాచోట్ల అచ్చుల్లో పోసి చేస్తున్నారు. చేత్తో చేసినదానికీ, అచ్చులో పోసినదానికీ తేడా కంటితో తెలియకపోవచ్చు గాని, కళ్ళు మూసుకుని తడిమితే తెలుస్తుంది. చేత్తో చేసినది ఒక పక్కకు కొంచెం ఒరిగి ఉంటుంది, పాదుకు కాసిన కాయలాగే.

పెళ్ళికి తిరిగి వచ్చేటప్పుడు మా మేనల్లుడు కారు ఆపి, "అత్తయ్యా, ఇది కూడా చూసిపో" అని జిల్లా కార్యాలయం దగ్గర ఒక చెట్టు చూపించాడు. రబ్బరు చెట్టు. చుట్టూ కంచె, పక్కన ఫలకం. నాకు నవ్వు వచ్చింది. రబ్బరు చెట్టును చూడటానికి నన్ను తీసుకువెళ్ళాలా? కాని ఆ చెట్టు కథ వేరు. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఇంగ్లీషువాడు బ్రెజిల్ నుంచి సుమారు 70,000 రబ్బరు గింజలు లండన్ దగ్గర క్యూ తోటకు చేర్చాడు. వాటిలో మొలిచినవి మూడు వేలు కూడా లేవు. 1877లో 22 మొక్కలు సింగపూర్‌కు వచ్చాయి. అందులో తొమ్మిది కువాలా కాంగ్సార్‌లో నాటారు. ఈ చెట్టు ఆ తొమ్మిదిలో మిగిలిన ఒక్కటి. మన తాతలు ఓడ ఎక్కడానికి ఆ మొక్కలే మూలం. నీళ్ళకూజాగా మారిన ఆనపకాయ, మనల్ని ఇక్కడికి లాక్కొచ్చిన రబ్బరుకాయ, రెండూ ఒకే ఊళ్ళో, నదికి చెరో వైపున.

ఆ చెట్టు కింద ఒక కాయ దొరికింది. సంచిలో వేసుకుని వచ్చాను. ఆ కాయతోనే నా పని మొదలైంది.

ఇక్కడ పిల్లలకు ఆ కాయ ఎలా ఉంటుందో తెలియకపోవచ్చు, ఇప్పటి తోటలన్నీ పామాయిల్ తోటలే కదా. మూడు ఉబ్బులు కలిసిన కాయ అది. చిన్న నిమ్మకాయంత. ఒక్కో ఉబ్బులో ఒక్కో అర, అరకొక గింజ. పచ్చిగా ఉన్నప్పుడు తొక్క మెత్తన. ముదిరేకొద్దీ చెక్కలా గట్టిపడుతుంది. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం ఠప్పుమని పగిలి గింజను పది పదిహేను గజాల దూరం విసురుతుంది. తొక్కలోని పొరలు ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా ఎండి మెలితిరగడం వల్ల ఆ బిగువు పుడుతుంది. గింజ మీద గోధుమరంగు మచ్చలు. ఆ గింజను సిమెంటు గచ్చు మీద గరగరా రుద్ది పక్కవాడి చేతికి అంటించి చురుక్కుమనిపించడం మా చిన్ననాటి ఆట. పెద్దవాళ్ళు నవ్వుతున్నారు. అయితే మీరూ చురుకులు తిన్నవాళ్ళే.

తోటలో పెట్టుకునే మట్టి శిల్పానికి కాయలూ విత్తులే ఎందుకు బాగుంటాయని చాలామంది అడుగుతారు. నాకు తెలిసినంతలో దానికి ఒకే కారణం. కాయ లోపల బోలు. మట్టి కూడా లోపల బోలుగా ఉండక తప్పదు. దిట్టమైన మట్టిముద్దను ఆవంలో పెడితే లోపలి తడి ఆవిరై బయటికి వచ్చే దారి లేక పేలిపోతుంది. మనిషి బొమ్మనో గుర్రాన్నో చేసేటప్పుడు లేని బోలును మనం తెచ్చిపెట్టాలి. మన తెలంగాణలో కొండాపూర్ తవ్వకాల్లో దొరికిన శాతవాహనుల కాలం నాటి బొమ్మలు కొన్ని ముందుకొక అచ్చు, వెనక్కొక అచ్చు పెట్టి, లోపల బోలుగా అతికినవే. అంత పాత ఉపాయం అది. కాయకు ఆ తంటా లేదు. అది ఎలా ఉందో అలా చేస్తే చాలు, మట్టికి కావలసిన బోలు దానంతట అదే వస్తుంది.

సరే, చేసే విధానం చెబుతాను. మట్టిలో నాలుగో వంతు కాల్చిన పెంకుల పొడి కలుపుతాను. ఆ పొడి అప్పటికే ఒకసారి కాలింది కాబట్టి కుదించుకుపోదు, ముద్దకు ఎముకలాగా నిలబడుతుంది. మట్టిని చపాతీ ముద్దలా కాదు, లోపల గాలి మిగలకుండా మడిచి మడిచి పిసకాలి. ఆ తరవాత చేతి వేలంత లావు తాళ్ళు చుట్టి, ఒకదాని మీద ఒకటి వలయాలుగా పేర్చి, లోపలా బయటా మెత్తుతూ పైకి లేపాలి. సారె అక్కర్లేదు. రోజుకు ఒక జానెడు కంటే ఎక్కువ లేపకూడదు. కింద మట్టి గట్టిపడకముందే బరువు వేస్తే కాయ కూలబడుతుంది. రబ్బరుకాయకు మూడు ఉబ్బులు గనక లోపల మూడు గోడలు కూడా కట్టాను. నిజం కాయలో ఉన్నట్టే మూడు అరలు. ఒక్కో అరకూ సూదిమొన అంత రంధ్రం ఉండాలి, గాలి బయటికి పోవడానికి. గోడ మందం ఎక్కడైనా బొటనవేలికి మించకూడదు. ఒకచోట పలచన, ఒకచోట దిట్టం అయితే పలచటిది ముందు ఆరి లాగుతుంది, దిట్టమైనది రానంటుంది, మధ్యలో చీలిక. కాయ పగలాలనే ఎండుతుంది. మనం పగలకూడదని ఎండబెడతాం. అందుకని ప్లాస్టిక్ కప్పి మూడు వారాలు నీడలో ఉంచాలి. మన వానల్లో నాలుగు వారాలైనా తప్పులేదు.

ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కలిపి మట్టి పదో వంతు దాకా తగ్గుతుంది. రెండడుగుల కాయ చేశాననుకుని మురిసిపోతే ఆవంలోంచి ఇరవై రెండు అంగుళాలది బయటికి వస్తుంది. కాల్చడం వెయ్యి డిగ్రీల దగ్గర దాకా. మొదటి రాత్రంతా సన్నసెగ. నీరు మరిగే వేడి దాటేవరకు తొందరపడకూడదు. నాకు సొంత ఆవం లేదు. మా వీధికి దగ్గరలో ఒక చైనా కుమ్మరి ఆయనకు గ్యాసు ఆవం ఉంది. ఆయనే నా సరుకు కూడా కాల్చిపెడతాడు.

ఇంతవరకు అంతా సాఫీగా సాగినట్టు చెప్పుకొచ్చాను గాని, మొదటి రెండేళ్ళు నేను చేసినవాటిలో నిలిచినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మొదటి మట్టి బాగాన్ డాతో వైపు బంధువుల కొబ్బరితోట కాలవగట్టు నుంచి తెచ్చాను. ఊరికే వచ్చింది కదా అని సంబరం. కాల్చాక ఎర్రగా, కళగా ఉన్నాయి కాయలు. తోటలో పెట్టాను. ఒక వాన పడింది. పది రోజులకు వాటి ఒంటి మీద నాణెమంత పెచ్చులు ఊడడం మొదలైంది. ఒక్కో గుంట మధ్యలో తెల్లటి చుక్క. తరవాత తెలిసింది, సముద్రం ఒడ్డు మట్టిలో గవ్వముక్కలు, నత్తగుల్లల పొడి ఉంటాయి. ఆవం వేడికి అవి సున్నం అవుతాయి. తడి తగలగానే సున్నం ఉబ్బి పై మట్టిని నెట్టేస్తుంది. మన పెద్దలు గుల్లసున్నం కాల్చినది ఇలాగే. అందుకని తెచ్చిన మట్టిని నీళ్ళలో కరిగించి, సన్నటి జల్లెడలో వడగట్టి, మళ్ళీ ఆరబెట్టుకుని వాడాలి. లేదా కొనుక్కోవాలి. నా మోకాళ్ళు ఒప్పుకోవు కాబట్టి నేను కొంటున్నాను.

ఇంకొకటి చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. మా మేనల్లుడి గృహప్రవేశానికి ఇద్దామని చుట్టచుట్టుకున్న ఫెర్న్ మొగ్గ ఒకటి చేశాను. మనం కూర వండుకునే పాకు ఉంది కదా, దాని లేత చివర. మొదలు దిట్టంగా ఉంటే నిలబడుతుందని మట్టి దట్టించాను. ముహూర్తం దగ్గరపడిందని వారం రోజులకే ఆవంలో పెట్టించాను. ఆరిందనే అనుకున్నాను. అర్ధరాత్రి పేలింది. అదొక్కటే పోతే బాధ లేదు. అదే ఆవంలో ఆ చైనా ఆయన గిన్నెలు ముప్పై దాకా ఉన్నాయి. నా మొగ్గ ముక్కలు వాటన్నిటినీ కొట్టాయి. తెల్లవారి వెళితే ఆయన ఒక్క మాట అనలేదు. చీపురు తెచ్చి నా చేతికి ఇచ్చాడు. గిన్నెల ఖరీదు పుచ్చుకోమంటే వద్దన్నాడు. ఇప్పటికీ నా సామాను పెట్టేముందు ఆయన ప్రతి ముక్కనూ చెంపకు ఆనించి చూస్తాడు. చెంపకు చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు.

తోటలో పెట్టేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఇది శిల్పిగా కాదు, నర్సుగా చెబుతున్నాను. డెంగీ వార్డులో పనిచేసినదాన్ని. పైకి నోరు తెరుచుకున్న ఏ మట్టికాయ అయినా వాన నీళ్ళు పట్టుకుంటుంది. ఆ నీళ్ళలో ఏడీస్ దోమ గుడ్డు పెడితే వారం పది రోజుల్లో దోమ అయి ఎగిరిపోతుంది. ఇంటి ఆవరణలో దోమపిల్లలు కనబడితే 1975 నాటి చట్టం కింద మన మీద చర్య తీసుకుంటారు. అదటుంచి, పక్కింటి పిల్లవాడికి జ్వరం వస్తే మన మొహం ఎక్కడ పెట్టుకుంటాం? అందుకని నోరున్న కాయకు అడుగున వేలు దూరేంత కన్నం తప్పనిసరి. కన్నం పెట్టడం మరిచిపోతే ఇసుక నింపండి. ఇంగ్లండులో ఉన్న మా చెల్లెలు కూతురికి వేరే చిక్కు. అక్కడ మట్టి పీల్చుకున్న నీరు చలికి గడ్డకట్టి, ఉబ్బి, కాయను చీలుస్తుంది. చలికాలంలో వాటిని లోపల పెట్టుకోమని చెప్పాను. మనకు ఆ బాధ లేదు. ఇక్కడ మూడు నెలలకే నాచు పడుతుంది. కొందరు దాన్ని తోమేస్తారు. దయచేసి తోమకండి. త్వరగా రావాలనుకుంటే బియ్యం కడిగిన నీళ్ళు పోస్తూ ఉండండి. నీడపట్టున ఉన్న వైపు పచ్చగా, ఎండ వైపు ఎర్రగా, ఆ కాయకు ముఖమూ వీపూ ఏర్పడతాయి.

ఇప్పుడు మా అన్నయ్య సంగతి చెప్పాలి.

అన్నయ్య నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆరో తరగతితో బడి మాన్పించి చెట్లు గీయడానికి పంపారు. నాన్నకు ఛాతీజబ్బు. తెల్లవారుజామున నాలుగింటికి అమ్మా అన్నయ్యా తలదీపాలు పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఎండ ముదిరితే పాలు ఆగిపోతాయి కదా. సెలవుల్లో నేనూ వెళ్ళి మంగులు తుడిచేదాన్ని. మంగు అంటే పాలు పట్టే కప్పు. తరవాత తరవాత ప్లాస్టిక్‌వి వచ్చాయి గాని, మా చిన్నప్పుడు అవి మట్టివే. లోపల గోధుమరంగు మెరుపుపూత ఉండేది. పాలు గట్టిపడితే పొరలా ఒలిచి తీయడానికి ఆ పూత. ఆ కప్పులు ఎక్కడినుంచి వచ్చేవో అప్పుడు ఆలోచించలేదు. చైనా నుంచి వచ్చిన కుమ్మరులు కొండవాలున పాములా పొడవుగా కట్టే డ్రాగన్ ఆవాల్లో అవి వేలకొద్దీ కాల్చేవారు. సింగపూర్‌లో 1940లో కట్టిన థౌ క్వాంగ్ ఆవం ఇప్పటికీ ఉంది. అందులో కూడా రబ్బరుపాల కప్పులే కాల్చేవారు. చూశారా, మనకు తెలియకుండానే మన చేతులూ ఆ కుమ్మరుల చేతులూ ఒకే మట్టిని పట్టుకున్నాయి.

అమ్మ రెండు బాల్చీల పాలు కావడిన మోసేది. చివరి రోజుల్లో నడుము నిలబడక గోడ పట్టుకుని నడిచేది. నేను నర్సు చదువుకు వెళ్ళానంటే ఆ కావడి డబ్బుతో, అన్నయ్య కత్తి డబ్బుతో. ఇది దాచుకునే విషయం కాదు.

మొదటి పెద్ద రబ్బరుకాయ చేసి క్లాంగ్‌లో మా ఇంటి గేటు పక్కన పెట్టాను. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. దీపావళికి అన్నయ్య వచ్చాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు. లోపలికి వచ్చి కాఫీ తాగి అప్పుడన్నాడు, "ఏమ్మా, నలభై ఏళ్ళు దాని కింద వంగి బతికాం. ఎస్టేటు అమ్మేసి ఇళ్ళు కట్టినప్పుడు మనకు వేరే చోటు చూపించకుండా వెళ్ళిపొమ్మన్నారు. ఆ కాయను తెచ్చి ఇంటి ముందు దేవుణ్ణి పెట్టినట్టు పెట్టావా?"

నాకు జవాబు రాలేదు. అందంగా ఉందని చెప్పవచ్చు. మన చరిత్ర అని చెప్పవచ్చు. ఈ మాటలు వేదిక మీద బాగానే ఉంటాయి. అన్నయ్య వేళ్ళు చూస్తూ చెప్పడం కష్టం. ఇప్పటికీ కత్తి పట్టిన చోట చూపుడువేలు వంకరగానే ఉంటుంది.

వెళ్ళేటప్పుడు మళ్ళీ గేటు దగ్గర ఆగి దాన్ని వేలితో కొట్టి చూశాడు. "దీనికి చప్పుడేదీ?" అన్నాడు. నేను తెల్లబోయాను. "తోటలో మధ్యాహ్నం పూట ఒక్కత్తివే కూర్చున్నప్పుడు ఠప్ ఠప్ మని వినబడేది కదా. నీ కాయ పచ్చికాయ. ముదరనే లేదు."

ఆ మాట నిజం. నేను కంటితో చేశాను. అతనికి ఆ కాయ చెవితో తెలుసు. మళ్ళీ చేశాను. ఈసారి మూడు ఉబ్బుల్లో ఒకటి చీలి, తొక్క మెలితిరిగి, లోపలి ఖాళీ అర కనబడేట్టు. మూసి ఉన్న రెండు అరల్లో మట్టి గింజలు కాగితంలో చుట్టి పెట్టాను. ఆవంలో కాగితం మసైపోతుంది, గింజ విడిగా మిగులుతుంది. కాయను కదిపితే లోపల గలగలమంటుంది. ఇది చెయ్యడానికి నాలుగు నెలలు పట్టింది. రెండు సార్లు చీలికతో పాటు మిగతా కాయ కూడా చీలింది. మెలితిప్పిన అంచు పలచన, గోడ దిట్టం. ఇందాక చెప్పిన తప్పునే నేను మళ్ళీ చేశాను.

అన్నయ్య వచ్చి చూశాడు. చెవి దగ్గర పెట్టి కదిపాడు. "ఇప్పుడు అదే" అన్నాడు. నచ్చిందని మాత్రం అనలేదు. మా ఇంటికి వస్తే వరండాలో ఆ కాయకు వీపు పెట్టే కుర్చీలోనే కూర్చుంటాడు. దాన్ని వెనక తోటలోకి మారుద్దామా అని రెండు మూడు సార్లు అనుకున్నాను, మార్చలేదు. తప్పో ఒప్పో మీలో ఎస్టేటులో పుట్టినవాళ్ళు నాకు చెప్పాలి.

పిల్లలారా, మీకు ఒక చిన్న పరీక్ష. ఇవాళ భోజనంలో మంగుస్తాన్ పళ్ళు పెడుతున్నారట. పండు ఒలిచేముందు తిరగేసి అడుగున ఉన్న పువ్వు గుర్తు రేకులు లెక్కపెట్టండి. ఎన్ని రేకులో లోపల అన్నే తొనలు. మట్టితో మంగుస్తాన్ చేసి అడుగున ఆరు రేకులు గీసి లోపల ఐదు తొనలు పెట్టేవాళ్ళు ఉన్నారు. అలా చేస్తే నేను ఊరుకోను. భోజనాల తరవాత వెనక షెడ్డులో నలభై కిలోల మట్టి పెట్టించారు. వచ్చేవాళ్ళు పట్టుచీరలూ కొత్త లాల్చీలూ మార్చుకుని రండి. ఇది కుమ్మరివాళ్ళ పని కదా, మనకెందుకు అని ఒక పెద్దాయన ఇందాక నాతో అన్నారు. రామాయణం రాసిన మొల్ల కుమ్మరి ఇంటి ఆడపడుచని ఆయనకు గుర్తుచేశాను. ఆయన కూడా వస్తానన్నారు.

పోయిన నెల అన్నయ్య ఫోను చేశాడు. మామూలుగా అతను ఫోను చెయ్యడు. "నువ్వు ఆ కాయలు ఇంకా చేస్తున్నావా?" అన్నాడు. చేస్తున్నానన్నాను. "అయితే ఆనపకాయ చెయ్యి. లైను ఇంటి వెనక పందిరి మీద నాయనమ్మ పెట్టిన పాదు కాసేది చూడు, ఆ ఒరిగిన కాయ. రబ్బరుకాయ దొరది. ఆనపకాయ మనది" అన్నాడు. ఎక్కడ పెట్టుకుంటావు అన్నయ్యా అంటే, "పూలకుండీల పక్కన స్థలం చేశాను" అన్నాడు. అతను ఉండేది ఫ్లాటులో, నాలుగో అంతస్తు. బాల్కనీ మూరెడు.

మొదటిది మెడ దగ్గర చీలింది. రెండోది ప్లాస్టిక్ కింద ఆరుతోంది. పచ్చిమట్టి కారు ప్రయాణానికి ఓర్చుకోదని ఇవాళ తీసుకురాలేదు. రబ్బరుకాయను మాత్రం ద్వారం పక్కన బల్ల మీద పెట్టాను. వెళ్ళేటప్పుడు రెండు చేతులతో ఎత్తి, చెవి దగ్గర కదిపి చూడండి. బరువు కొంచెం ఎక్కువ, పిల్లలకు పెద్దవాళ్ళు పట్టుకోవాలి.